జనపనార మిల్లుల పనివారు - ప్రభుత్వ ధర్మము

గోనెసంచి లేని యిల్లు మనలో అరుదు. ధాన్యము నింపుటకు అదియే. చినిగిన పిమ్మట వాకిట పరచి కాళ్లు తుడుచుకొనుటకును అదియే. ఆ సంచిని నేసిన చేయి నేడేమి చేయుచున్నదని అడుగువారు మాత్రము తక్కువ.

శ్రీకాకుళ విజయనగర సీమలో రైతు గోగునార పండించుచుండెను. చంపావతి యొడ్డునగల నెల్లిమర్లలోను, రాజాము, బొబ్బిలి, సాలూరు ప్రాంతములలోను మిల్లులు ఆ నారను పురిగాను, సంచిగాను మార్చుచుండెను. ఆ కూలిడబ్బుతో వేలకొలది కుటుంబములు బ్రదికినవి. కాని నెల్లిమర్ల మిల్లు పలుమార్లు లాకౌటు పాలైనది. పొరుగున భీమునిపట్నము చెంతనున్న చిట్టివలస మిల్లునకు 2009లో వేసిన తాళము మరల తీయలేదు. అచటి పనివారు తమ బకాయిలకై ఏండ్ల తరబడి ఎదురుచూచిరి.

ఇందులకు కారణములు పెక్కు కలవు. నార కొరత యొకటి, ప్లాస్టిక్ సంచి యొకటి. బంగ్లాదేశమునుండియు, నేపాలునుండియు చౌకగా వచ్చి పడిన సరకు మరియొకటి. దేనివలన ఎంత నష్టమో తూచి చెప్పుట కష్టమే. అయినను దిగుమతులవలన హాని కలిగెనని నిర్ణయించినది మనము కాదు, కేంద్రప్రభుత్వమే. మిల్లుల సంఘములు మొరపెట్టుకొనగా విచారణ జరిపి, 2017 జనవరిలో ఆ సరకుపై టన్నునకు సుమారు 6 డాలర్లు మొదలు 352 డాలర్ల వరకు డంపింగు నిరోధక సుంకము విధించినది. దానినే 2022 డిసెంబరులో మరి అయిదేండ్లకు పొడిగించినది. మొరపెట్టుకొనిన సంఘములలో మన ఆంధ్రదేశపు మెస్టా మిల్లుల సంఘమును కలదు.

ఇచట పాఠకులు గమనింపవలసిన విషయ మొకటి యున్నది. అట్టి హానిని నిర్ణయించునపుడు ఉద్యోగములకును, వేతనములకును కలిగిన నష్టమునుగూడ చూడవలెనని 1995 నాటి నియమములే చెప్పుచున్నవి. అనగా పనివాని కష్టము సుంకము విధించుటకు సాక్ష్యముగా పనికివచ్చినది. వసూలైన సొమ్ము బొక్కసమునకు చేరినది. ధర నిలిచినందువలని మేలు మిల్లు యజమానికి చేరినది. పనివానికి దమ్మిడీ లేదు. ఒకని గాయమును చూపి బిచ్చమెత్తి, ఆ బిచ్చమును వేరొకరు పంచుకొనుట ధర్మమా?

చట్టములు లేవా యందురు. ఉన్నవి. మిల్లు మూసివేసినచో పనిచేసిన యేడాది కొక్కింటికి పదునైదు దినముల వేతనము పరిహారముగా నీయవలెనని 1947 నాటి చట్టము విధించినది. 2025 నవంబరులో అమలునకు వచ్చిన క్రొత్త స్మృతియు దానినే నిలిపినది. కాని లాకౌటు మూసివేత కాదట! తలుపునకు తాళమున్నను కొలువు పోలేదట! కావున పరిహారము లేదు, పనియు లేదు. ఈ మాటల చాటున ఎన్ని యిండ్ల పొయ్యిలు చల్లారినవో లెక్కించిన వారు లేరు. బీమా పథకమున్నదందురా, అది తొంబది దినములకు సగము వేతనముతో సరి. క్రొత్త స్మృతిలో వృత్తి నేర్పుటకని యేర్పరచిన నిధి, తొలగింపబడిన పనివానికి పదునైదు దినముల వేతన మిచ్చును. ఇరువదియేండ్లు మగ్గము నడపినవాడు పదునైదు దినముల కూలితో ఏ విద్య నేర్చును?

ఇది క్రొత్త యాలోచన కాదు. దిగుమతులవలన కొలువు పోయినవారికి శిక్షణయు, భృతియు నిచ్చు చట్టమును అమెరికా 1962లోనే చేసినది. 2022 జూలైనుండి అందు క్రొత్త దరఖాస్తులు ఆగిపోయినవి గాని, అరువదియేండ్లు ఆ బాధ్యతను ప్రభుత్వ మంగీకరించినది. ఐరోపా సమాజము 2007లో అట్టి నిధి నేర్పరచినది. మనదేశమునను 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి వెలసినది. కాని దాని సొమ్ములో అధికభాగము ప్రభుత్వరంగ సంస్థల స్వచ్ఛంద విరమణలకే కరగిపోయినది. నెల్లిమర్ల వంటి ప్రైవేటు మిల్లుల పనివానికి అందువలన ఏమి యొరిగినది?

చౌక సరకు అందరికి లాభమే కదా, ఒక మిల్లు పనివారికి ప్రత్యేక సహాయ మేల యని కొందరు పెద్దలందురు. లాభము అందరిదియైనపుడు నష్టము ఒక్క యింటిదే కానేల? ఊరందరి మేలుకొరకు ఒకని పొలములో కాలువ త్రవ్వినచో వానికి పరిహార మిత్తుము గదా! ఇదియు నట్టిదే.

కావున మనము కోరవలసినవి నాలుగు. ఆ సుంకపు రాబడిలో నిర్ణీత భాగమును కొలువు కోల్పోయినవారికై వేరుగ నుంచవలెను. లాకౌటు రెండు మాసములు మించినచో సహాయము విషయమున దానిని మూసివేతగా నెంచవలెను. పడుచువారికి తమ జిల్లాలోనే భృతితో కూడిన శిక్షణ యీయవలెను. వయసు మీరినవారికి పింఛను కావలెను. లేనిచో వీరికి మిగిలినది రైలెక్కి వలసపోవుటయే.

చదువుకొన్న గృహస్థులు ఈ మాటను తమ శాసనసభ్యుల చెవిని వేయవలెను. సంచి మన యింటనున్నది. దానిని నేసినవాని గోడు మన చెవిని పడకుండుట న్యాయము కాదు.