గేమ్‌లు 1983లో చావలేదు

మొన్న ఒక సభలో వక్త మళ్లీ అదే పాట పాడాడు: 1983లో వీడియో గేమ్ పరిశ్రమ చచ్చిపోయిందట, 1985లో నింటెండో వచ్చి ప్రాణం పోసిందట. సభంతా తలలూపింది. ఈ కథ వినీ వినీ నాకు ఒళ్లు మండిపోతోంది. డాక్యుమెంటరీల్లో ఇదే, యూట్యూబ్‌లో ఇదే, గేమ్ డిజైన్ నేర్పే చోటా మొదటి పాఠం ఇదే.

చితికిపోయింది అమెరికాలో కన్సోల్ వ్యాపారం. అటారీ అమ్ముడుపోని కార్ట్రిడ్జ్‌లను న్యూమెక్సికో ఎడారిలో పూడ్చిపెట్టిన మాట నిజమే. ఆ ఒక్క గొయ్యి చూపించి ప్రపంచమంతటికీ కర్మకాండ జరిపిస్తారా? అదే 1983లో బ్రిటన్‌లో మాథ్యూ స్మిత్ అనే కుర్రాడు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ కోసం ‘మానిక్ మైనర్’ ఆట రాశాడు. మరుసటేడు కేంబ్రిడ్జ్ విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ 32 కేబీ మెమరీ ఉన్న బీబీసీ మైక్రోలో ‘ఎలైట్’ ఆటకు ఎనిమిది గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 గ్రహాలు పట్టించారు. ఆ గ్రహాల వివరాలు ఎక్కడా దాచిపెట్టలేదు. కొన్ని అంకెలనుంచి ఒక సూత్రం ప్రకారం అప్పటికప్పుడు పుట్టుకొచ్చేవి. చచ్చిన పరిశ్రమ చేసే పనేనా ఇది?

ఆ యంత్రాల గొప్పంతా ఒక్కచోట ఉంది. స్విచ్ వేస్తే ఎదురుగా బేసిక్ ప్రోగ్రామింగ్ భాష. ఆట కొన్న పిల్లవాడు ఆ పెట్టె మీదే తన ఆట రాసుకోవచ్చు. నింటెండోయేమో అమెరికాలో అమ్మిన పెట్టెలో తన అనుమతి లేని ఆట నడవకుండా తాళం వేసే చిప్ పెట్టింది. ప్రాణదాత అని పొగిడేది వీళ్లనే! ఆ నింటెండోకు 1994లో ‘డాంకీ కాంగ్ కంట్రీ’ చేసిపెట్టిన రేర్ సంస్థ స్టాంపర్ సోదరులది. వాళ్లు పేరు తెచ్చుకున్నది స్పెక్ట్రమ్ ఆటలతో. స్కాట్లండ్‌లో స్పెక్ట్రమ్‌లు తయారైన ఊరు డండీ. అక్కడి టైమెక్స్ ఫ్యాక్టరీలో పనిచేసిన డేవిడ్ జోన్స్ పెట్టిన డీఎంఏ డిజైన్ నుంచే 1991లో ‘లెమింగ్స్’, 1997లో ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో’ వచ్చాయి.

ఇక ఆ కంప్యూటర్ల మీదే బొమ్మా పాటా కలిపి చూపే డెమోసీన్ అంటే దొంగకాపీల ముఠా అని తీసిపారేసేవాళ్లున్నారు. మొదలు అక్కడే. ఆటకున్న కాపీ రక్షణ విరగ్గొట్టినవాళ్లు దాని ముందు తమ పేర్లు, ఒక పాట, కదిలే అక్షరాలు తగిలించేవాళ్లు. తర్వాత ఆ ముందుభాగమే ఆటను వదిలించుకుని కళ అయింది. ఫిన్లాండ్ 2020లో దాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది కూడా.

ఆ కుర్రాళ్ల పనితనం దగ్గరనుంచి చూడండి. కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ తెర చుట్టూ ఒక అంచు ఉంటుంది. అక్కడ బొమ్మ వేసే వీలు తెరను నడిపే చిప్ చేసినవాళ్లు ఇవ్వలేదు. కానీ తెర మీద అక్షరాల వరుసలు 25 ఉండాలా 24 ఉండాలా అన్నది ఒక్క బిట్‌తో మార్చవచ్చు. 24 అయితే కింది అంచు నాలుగు గీతలు ముందే మొదలవుతుంది. టీవీ కిరణం ఆ చోటు దాటేదాకా 25లో ఉంచి, 25 వరుసల హద్దు రాకముందే 24కి మార్చేస్తే, అంచు మొదలుపెట్టాల్సిన ఘడియ చిప్‌కు రెండుచోట్లా తప్పిపోతుంది. అంచు తెరుచుకుంటుంది, అందులో స్ప్రైట్లు అనే కదిలే బొమ్మలు తిరుగుతాయి. యూరప్ టీవీల మీద ఇది సెకనుకు 50 సార్లు, క్షణం తేడా లేకుండా జరగాలి. ఇది పనికిమాలిన కాలక్షేపమా? అమీగా కంప్యూటర్ మీద ఇలాంటి విద్యే నేర్చిన ‘ది సైలెంట్స్’ బృందంవాళ్లు స్వీడన్‌లో డైస్ అనే గేమ్ సంస్థ పెట్టారు. ఫిన్లాండ్‌లో ‘ఫ్యూచర్ క్రూ’వాళ్లు రెమెడీ పెట్టారు. ‘బ్యాటిల్‌ఫీల్డ్’, ‘మ్యాక్స్ పేన్’ ఆ ఇళ్లలో పుట్టినవే.

మన సంగతి తలుచుకుంటే ఇంకా బాధ. 1984లో కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద కేంద్ర ప్రభుత్వం బడులకు పంపింది ‘ఎలైట్’ పుట్టిన ఆ బీబీసీ మైక్రోనే. ఎన్నో బడుల్లో దాన్ని ఏసీ గదిలో తాళం వేసి, చెప్పులు విప్పించి, వారానికోసారి దర్శనం చేయించారు. చెయ్యి పెట్టనివ్వని యంత్రం మీద ఎవరు ఏం కనిపెడతారు?

గేమ్ డిజైన్ చెప్పేవాళ్లు ఆ మొదటి పాఠం తీసేయాలి. ఆ గంటలో కమోడోర్ ఎమ్యులేటర్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టి అంచు తెరిపించాలి. ముందు బేసిక్, తర్వాత అసెంబ్లీ, ఆ పైనే గేమ్ ఇంజన్. మిగతా సిలబస్ ఎలా ఉండాలో కూర్చుని మాట్లాడుకుందాం.