మొక్కు వినేదానికి సభ్యత్వ కార్డు కావాలా?



పెరటాసి నడకను గురించి మొన్న గ్రూపులో పెట్టిన నోటీసు చూసినాను. దారి ఎప్పటిదే. తిరుపత్తూరు, వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం, పరదరామి, చిత్తూరు, చంద్రగిరి, ఆపైన కొండ. కొత్తగా చేర్చినవి మూడు. ముందర వ్యాను మీద సౌండ్ బాక్సు. సభ్యత్వ కార్డు ఉన్నవాళ్ళే సంఘం టీషర్టు వేసుకొని నడవాలి, బయటివాళ్ళను వరసలో కలుపుకోకూడదు. నడవలేని సభ్యులు తమ మొక్కును ఫారంలో రాసి పంపితే, అన్నీ కట్టగట్టి హుండీలో వేస్తారంట.

ఈ మూడింటికీ నేను ఒప్పుకోను. కమిటీలో చెప్పకుండా ఇక్కడెందుకు రాస్తున్నావు అంటారు. కమిటీలో చెప్పినాను. 'సరే సార్, చూస్తాము' అన్నారు. రైల్వేలో ముప్పై ఏండ్లకు పైగా గుమాస్తా పని చేసినవాడికి 'చూస్తాము' అంటే ఏమో తెలుసు.

మొదట సౌండ్ బాక్సు సంగతి. నడక మొదటి రోజు ఎవరూ ఏమీ మాట్లాడరు, ఊరి కబుర్లు తప్ప. రెండో రోజు కాళ్ళు పొక్కినాక, మూడో రోజు నడుము పట్టినాక, పక్కన నడిచే మనిషి నోరు తెరుస్తాడు. గుడియాత్తంలో మగ్గం అమ్మేసుకొన్న పెద్దాయన, ఆంబూరు చెప్పుల కంపెనీలో పని చేసే పిల్లోడు, రాయవేలూరు ఆస్పత్రిలో భార్యను పెట్టి నడిచి వచ్చినవాడు, వీళ్ళందరి మొక్కులూ నేను రోడ్డు మీదనే విన్నాను. వాణియంబాడిలో ఒక టీ అంగడి సాయబు డబ్బు తీసుకోకుండా, 'నా కూతురి కాన్పుకు కూడా ఒకసారి గోవిందా అనండి' అన్నాడు. సౌండ్ బాక్సు మోగుతా ఉంటే ఆయన మాట నా చెవిన పడేదా?

కౌంటర్లో కూర్చొన్నన్నాళ్ళూ నేను 'ఎక్కడికి' అనే అడిగినాను. 'ఎందుకు' అని అడిగే పని నాది కాదు. (అదీ సరిగ్గా అడగాల్సిందే. రైల్వే కోడులో తిరుపత్తూరు టీపీటీ, తిరుపతి టీపీటీవై. ఒక్క అక్షరం తేడా.) ఎందుకు పోతున్నారో నాకు తెలిసింది రిటైరయినాక, నడకలోనే.

ఫారం సంగతి రెండు మాటల్లో. మొక్కు పార్సిల్ కాదు, బుక్ చేసి పంపేదానికి. నడవలేనివాళ్ళ ఇంటికి పోయి కూర్చొని వినండి. మన సభ్యుల ఇండ్లు అంత దూరంలో లేవు.

ఇక రెండోది. నేను ఇంత రాసేది దాని కోసమే.

పోయిన పెరటాసిలో పరదరామి దగ్గర మధ్యాహ్నం భోజనానికి ఆగినాము. ఆంబూరు పక్కనుంచి నడిచి వస్తున్న ఆడవాళ్ళు ఏడెనిమిది మంది మన వెనకనే వచ్చి పందిట్లో కూర్చొన్నారు. పారిశుద్ధ్య పని చేసేవాళ్ళు. మన వాలంటీర్లు పోయి, 'ఇది సంఘం సాపాటు, మీరు అవతల చెట్టు కింద కూర్చోండి, మిగిలితే ఇస్తాము' అని అరవంలో చెప్పినారు. వాళ్ళు లేచి పోయినారు. నేను ఆకు ముందర తలొంచుకొని తిన్నాను. నోరు విప్పలేదు. ఎవరినో తప్పు పట్టే ముందు ఇది ఒప్పుకోవాల కదా.

మరుసటి రోజు నా మడమ పొక్కి వెనకబడినాను. చిత్తూరు దాటినాక ఆ ఆడవాళ్ళతోనే నడవాల్సి వచ్చింది. వాళ్ళు నాతో అరవంలోనే మాట్లాడినారు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకొనేది మాత్రం తెలుగు. మా అవ్వ మాట్లాడిన తెలుగు. నేను తెలుగులో జవాబు చెప్పేసరికి ఒకామె నిలబడిపోయి, 'సామీ, మీరు మనవాళ్ళా?' అనింది. ముందు రోజు ఆకు ముందర కూర్చొన్న నన్ను ఆమె గుర్తుపట్టలేదో, పట్టీ అడిగిందో తెలీదు. అవునని చెప్పేదానికి నాకు నోరు రాలేదు.

శ్రీవారి మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె మోకాళ్ళు వాచిపోయినాయి. ముందర 2,388 మెట్లు. కింద కూర్చొని నాతో చెప్పింది: 'మా వాడు మురికి గుంతలో దిగే పనికి పోతాండాడు సామీ. ఒకతూరి స్పృహ పోతే పైకి లాగినారు. ఇంకోతూరి వాణ్ణి దింపకుండా చూడమని చెప్పు.' మనిషిని మురికి గుంతలోకి దింపే పనిని నిషేధిస్తూ 2013లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం అమలుకు ఆ తల్లి వెంకటేశ్వరుడికి మొక్కుకొనింది, తెలుగులో.

ఇప్పుడు సంఘాన్ని అడుగుతున్నాను. మనం ఏటా ఉగాదికి ముఖ్య అతిథిని పిలిచి శాలువా కప్పి, తమిళనాడులో తెలుగు చచ్చిపోతా ఉందని కన్నీళ్ళు పెడతాము. 2006 చట్టం వచ్చినాక బళ్ళలో తెలుగు పోయిందని అర్జీలు పెట్టినాము, న్యాయమే. అయితే తెలుగు ఇంకా ఎవరింట్లో బతికి ఉందో చూసినామా? మా ఇంట్లో నా మనవలు మమ్మీ డాడీ అంటారు. నేనే తమిళంలో చదివినవాణ్ణి, నలభై దాటినాక స్టేషను బోర్డులు చూసి అక్షరాలు కూడగట్టుకొన్నాను. పరదరామి దాటి తెలుగు బోర్డు కనపడితే మన కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకొంటారు. వెనక నడిచే మనుషులు మాట్లాడే తెలుగు వాళ్ళకు వినపడదు.

2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతియులకు 3 శాతం ఉపకోటా ఇచ్చింది. అందులో చేర్చిన ఏడు కులాల పేర్లలో ఒకటి ఆది ఆంధ్ర. పేరులోనే ఆంధ్ర ఉన్నవాళ్ళు మన తెలుగు సంఘం రిజిస్టరులో ఒక్కరూ లేరు. రిజిస్టరు నేనూ రాసినాను కొన్నాళ్ళు, కాబట్టి తెలిసే చెప్తున్నాను.

క్రమశిక్షణ, రోడ్డు భద్రత అంటారు. వ్యాను పెట్టండి, రాత్రి మెరిసే పట్టీలు కట్టండి, వద్దనేవారు లేరు. ప్రమాదం లారీల వల్ల వస్తుంది, పక్కన నడిచే ఆడమనిషి వల్ల కాదు. ఖర్చు అంటారు. పెరటాసి శనివారం నామం పెట్టిన చెంబు పట్టుకొని గోవిందా అని ఇంటింటికీ పోయి బియ్యం అడిగేది మన వాడుక. మా నాయన దాన్ని గోపాళం అనేవాడు. ఇంట్లో పుట్ల కొద్దీ వడ్లు ఉన్నా అడుక్కొనే తీరాలి. పరాయి గడపల్లో ఎత్తిన బియ్యంతో వండిన అన్నానికి కార్డు చూపించమంటారా? అన్నమయ్య చిన్నతనంలో ఇల్లు విడిచి ముక్కూ మొగం తెలీని యాత్రికుల గుంపులో కలిసి తిరుమలకు పోయినాడని ఆయన మనవడు చిన్నన్న రాసినాడు. ఆ గుంపుకు మన కమిటీ ఉండి ఉంటే పిల్లవాణ్ణి తాళ్ళపాకకే తిప్పి పంపేది.

ఇంకోటి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే నడుస్తా పోయి పోచంపల్లిలో ఆగినాడు. దళితవాడకు పోయి మీకు ఏం కావాల అని అడిగినాడు. 80 ఎకరాలు అన్నారు. ఆ ఊరి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అక్కడ మొదలయింది. తర్వాత అది ఎంత నిలిచింది అనేది వేరే చర్చ, ఉద్యమం నీరుగారిన మాటా నిజమే. అయినా ఆ రోజు ఆయన పేటలోకి పోయి అడిగినాడు. మనం పందిట్లోకి వచ్చినవాళ్ళనే లేపినాము.

నోటీసులో రెండో మాట తీసేయమని, నడకలో ఎవరు కలిసినా ఒకే బంతిలో భోజనం అని రాయమని అడుగుతున్నాను. వచ్చే ఆదివారం మీటింగులో దీన్ని తీర్మానంగా పెడతాను. బలపరిచేవాళ్ళు ఉంటే గ్రూపులో చెప్పండి. నాకు విడిగా ఫోన్ చేసి 'మీరు చెప్పేది కరెక్టే సార్, కానీ' అనేవాళ్ళు దయచేసి ఆ 'కానీ'ని ఇక్కడే రాయండి.

తీర్మానం ఓడిపోయినా నేను మొదటి శనివారం తెల్లవారి నాలుగు గంటలకు బయలుదేరుతాను, టీషర్టు లేకుండా. చెంబుకు నామం పెట్టి తీసుకొని పోతాను. ఆంబూరులో ఆమె ఉండే వీధి కనుక్కొన్నాను. పోయి ఆ గడప ముందర నిలబడి గోవిందా అని గోపాళం అడగాలని ఉంది. పెడుతుందో, అవతల చెట్టు కింద కూర్చోమంటుందో చూడాల.