ట్రిటియం పంట

సూర్యునిలో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమిపై సాధించగలిగితే విద్యుత్తుకు ఇక కొదవ ఉండదని, దానికి కావలసిన ఇంధనం సముద్రజలంలోనే ఉన్నదని తరచుగా చదువుతుంటాం. ఈ మాటలో సగమే సత్యం. నేటి ప్రధాన సంలీన యంత్రాలు నమ్ముకొన్న ఇంధనాలు రెండు: డ్యుటీరియం, ట్రిటియం. మొదటిది సముద్రంలో అపారం. రెండవది ప్రకృతిలో లేశమాత్రం. సముద్రాన్ని చూపి ట్రిటియం సంగతి దాటవేయడం, బియ్యం ఉన్నాయి గదా అని పొయ్యిలో కట్టె లేకుండానే ఊరిని విందుకు పిలవడం వంటిది.

ట్రిటియం నిలవ ఉండే వస్తువు కూడా కాదు. దాని అర్ధజీవితకాలం సుమారు 12.3 సంవత్సరాలు. అనగా నేడు దాచిన కిలో పన్నెండేళ్లు దాటేసరికి అరకిలో అవుతుంది. ఎలుకలు లేకపోయినా గాదె ఖాళీ అవుతూనే ఉంటుంది. పౌర అవసరాలకు ప్రపంచంలో లభించే నిల్వ సుమారు 25 నుండి 30 కిలోలని అంచనా. అందులో అధిక భాగం కెనడాలోని భారజల రియాక్టర్లలో ఉప ఉత్పత్తిగా పుట్టినదే. (మన మణుగూరులో తయారయ్యే భారజలం కూడా ఇటువంటి రియాక్టర్లకు ఉద్దేశించినదే.) ఇక ఖర్చు చూడండి: వెయ్యి మెగావాట్ల సంలీన శక్తి ఏడాది పొడుగునా వెలువడాలంటే సుమారు 55 కిలోల ట్రిటియం కావాలి!

కనుక సంలీన కేంద్రం తన ఇంధనాన్ని తానే పండించుకోవాలి. ఒక్కొక్క సంలీన చర్యలో ఒక ట్రిటియం పరమాణువు ఖర్చయి, ఒక న్యూట్రాన్ వెలువడుతుంది. కొలిమి చుట్టూ అమర్చిన లిథియం పొరలో ఆ న్యూట్రాన్ లిథియం-6ను తాకితే తిరిగి ఒక ట్రిటియం పరమాణువు పుడుతుంది. ఒకటి పోయి ఒకటి వచ్చింది, లెక్క సరిపోయిందనిపిస్తుంది. సరిపోదు. కొన్ని న్యూట్రాన్లను ఉక్కు గోడలు మింగుతాయి. కొన్ని పరికరాలకై విడిచిన రంధ్రాల గుండా తప్పించుకొంటాయి. పుట్టిన ట్రిటియంలోనూ కొంత గోడలలో చిక్కుకొంటుంది. అందుకే బెరీలియం, సీసం వంటి లోహాలను చేర్చి, ఒక న్యూట్రాన్ రెండయ్యేటట్లు చేయాలంటారు. అయినప్పటికీ మిగులు నూటికి ఐదు, పది పాళ్లకు మించడం కష్టం. పెరుగంతా తినేస్తే రేపటికి తోడు ఉండదు. ఇక్కడ మిగిలే ఆ గరిటెడు తోడుతోనే మరొక కేంద్రం ప్రారంభం కావాలి.

నా ఆక్షేపణ ఇక్కడే. 2023లో ఇంగ్లండులోని జెట్ యంత్రం 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల శక్తిని వెలువరించినప్పుడు లోకం హర్షించింది. హర్షించవలసినదే. కాని పూర్తిస్థాయి లిథియం పొర ఏ సంలీన యంత్రంలోనూ ఇంతవరకు పనిచేయలేదన్న సంగతిని పట్టించుకొన్నవారు అరుదు. దక్షిణ ఫ్రాన్సులో, మన దేశమూ భాగస్వామిగా నిర్మాణమవుతున్న ఇటర్‌లో చిన్న నమూనాలను పరీక్షించాలని సంకల్పం. 2024లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం అందులో ట్రిటియంతో ప్రయోగాలు మొదలయ్యేది 2039లో. అప్పటికి నేటి నిల్వలో సుమారు సగం తనంతట తానే కరిగిపోతుంది.

ప్లాస్మాను ఎన్ని కోట్ల డిగ్రీలకు వేడెక్కించామన్న పోటీకి వెచ్చించే ధనంలో సింహభాగం కాకపోయినా, సమభాగమైనా ఈ పొర పరిశోధనకు దక్కాలి. ఇటర్ సిద్ధమయ్యే వరకు చేతులు ముడుచుకోనక్కరలేదు. న్యూట్రాన్లను పుట్టించే చిన్న యంత్రాల ముందు లిథియం పలకలను ఉంచి, ఎంత ట్రిటియం పుట్టిందో, పుట్టినదానిలో ఎంత చేతికి దక్కిందో ఇప్పటి నుండే కొలవవచ్చు.