క్రేను దించే ఇల్లు కూలివానికి గూడవుతుందా?

ఈమధ్య ఒక పేటలో రాత్రి మీటింగు ముగించుకుని లేవబోతుంటే, హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయివచ్చిన కుర్రవాడొకడు సెల్‌ఫోనులో ఒక వీడియో చూపించాడు. లారీమీద గోడలు వచ్చాయి. క్రేను వాటిని ఎత్తి నిలబెట్టింది. మూడో రోజుకి ఇల్లు తయారు. "మన కాలనీకి కూడా ఇట్టాంటియ్యే తెప్పిస్తే పోలా అన్నా! ఈ మొండి పునాదుల చుట్టూ తిరిగే బాధ తప్పుద్ది" అన్నాడు. పక్కనున్న తాపీ మేస్త్రీ అందుకున్నాడు: "తప్పుద్దిరా అబ్బాయ్. నీ బాధా తప్పుద్ది, నా కూలీ తప్పుద్ది."

అందరూ నవ్వారు. కాని ఆ రెండు మాటల్లోనూ నిజముంది. కనుక ఈ సంగతిని కూలీల వైపునుంచి కాస్త నిదానంగా చూడవలసి ఉన్నది.

గోడలు, పైకప్పు, ఒక్కోసారి గదికి గదే ఫ్యాక్టరీలో పోతపోసి, స్థలానికి తెచ్చి బిగించే ఇళ్ళను మాడ్యులర్ ఇళ్ళంటున్నారు. ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. దేశ విభజన తర్వాత, కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం 1948లోనే కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో ఇళ్ళ ఫ్యాక్టరీ పెట్టింది. సోవియట్ యూనియన్‌లో 1950వ దశకం చివరినుంచి ఇలాంటి పలకలతో ఐదంతస్తుల ఇళ్ళు వేలకువేలు లేపారు. అవి ఇరుకైనవే. ఐనా ఒక్కో గదిలో ఒక్కో సంసారంగా తలదాచుకున్న కోట్లాదిమంది శ్రామికులకు అవి సొంత గడపనిచ్చాయి. అక్కడ ఫ్యాక్టరీ, స్థలం రెండూ ప్రభుత్వానివే. ఈ సంగతి మరువరాదు.

రెండో వైపు కూడా చూడాలి. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల పలకల భవనంలో, 18వ అంతస్తున గ్యాసు పేలింది. ఒక మూల మూలంతా పేకమేడలా జారిపోయి నలుగురు చనిపోయారు. అతుకులు సరిగా లేకపోవడమే ఆ ఇంటి ప్రాణం తీసింది. పలకల ఇంటికి గోడ ఎంత ముఖ్యమో అతుకు అంతకన్నా ముఖ్యం. ఆ అతుకు బాగోగులు చూడగల మనిషి మన మండలంలో దొరుకుతాడా అన్నది మొదటి ప్రశ్న.

మన దేశంలో 2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాల్లో ఇలాంటి కొత్త పద్ధతుల ఇళ్ళకు శంకుస్థాపన చేసింది. చెన్నైలో పోతపోసిన కాంక్రీటు పలకలతో 1,152 ఇళ్ళు కట్టి 2022 మేలో ప్రారంభించారు. రాంచీలో గదికి గదే పోతపోసే పద్ధతి పెట్టారు. ఐతే ఇవన్నీ నగరాలలో అంతస్తుల ఇళ్ళు. ఒకేచోట వందల ఇళ్ళుంటేనే ఫ్యాక్టరీకి, క్రేనుకి గిట్టుబాటు. పల్లెలో చెరువుగట్టు పక్కన ఎడ్లబండి దారిలో ఉండే ముప్పై ఇళ్ళ పేటకు ఆ లారీ తిరగదు. లారీ వచ్చినా పునాది తప్పదు. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది. దానిమీద ఏ ఇల్లు పెట్టినా పునాది లోతుగా దిగకపోతే గోడ పగులుతుంది.

అసలు ఆ కుర్రవాడు చూపిన మొండి పునాదులు ఎందుకు ఆగిపోయాయి? మేస్త్రీకి చేతగాక ఆగలేదు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పేదల ఇళ్ళ పథకంలో ఊళ్ళలో సెంటున్నర స్థలం, ఇంటికి 1 లక్షా 80 వేల రూపాయలు అన్నారు. సెంటున్నరంటే 72 గజాలు. గేదెను ఎక్కడ కట్టాలి? కట్టెలెక్కడ పెట్టాలి? చాలాచోట్ల ఆ స్థలం ఊరికి దూరంగా, పల్లంలో, వానొస్తే చెరువయ్యే చోట ఇచ్చారు. మిగతా డబ్బుకి అప్పుచేసినవాడు అప్పులో మునిగాడు, అప్పు పుట్టనివాడి ఇల్లు పునాది దగ్గరే ఆగింది. 2024 ఎన్నికల్లో ఊళ్ళలో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇస్తామని హామీ వచ్చింది. దాన్ని రాబట్టుకోవడం మన పోరాటం మీద ఉంది. ఈ రోగం భూమిది, డబ్బుది. దీనికి క్రేను మందు కాదు.

పట్టణాల్లో టిడ్కో ఇళ్ళు చూసినవారికి ఇంకా బాగా తెలుస్తుంది. అవి ఇటుకతో కట్టినవి కావు, అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి పోతపోసినవి. గోడలు చకచకా లేచాయి. కాని రోడ్డు, నీళ్ళు, మురుగుకాలువ రాక చాలాచోట్ల ఏళ్ళతరబడి గృహప్రవేశాలు ఆగిపోయాయి. గోడ వేగంగా లేచినంతమాత్రాన ఇల్లు వేగంగా రాదని తేలింది.

ఇక మేస్త్రీ మాట. ఊళ్ళో ఇల్లు లేస్తే తాపీ మేస్త్రీకి, తట్టమోసే ఆడకూలీకి, వడ్రంగికి, ఇటుకబట్టీ కూలీకి పని. నాట్లు, కోతలు లేని నెలల్లో ఆ కూలే పొయ్యి వెలిగిస్తుంది. 2016లో కేంద్రం గ్రామీణ ఇళ్ళ పథకం పెట్టినప్పుడు, మైదాన ప్రాంతంలో 1 లక్షా 20 వేలతోపాటు ఉపాధి హామీ కింద 90 రోజుల కూలి కూడా కట్టుకునే వారికే అన్నారు. అదే ఇల్లు ఫ్యాక్టరీనుంచి వస్తే ఆ కూలి ఊళ్ళో దిగదు, కంపెనీ ఖాతాకి పోతుంది. పైగా పేదవాడి ఇల్లు ఒక్కసారిగా అయ్యేది కాదు. ఈ ఏడు గది, మూడేళ్ళకి వసారా, కొడుకు పెళ్ళికి ఇంకో గది. మేస్త్రీ కట్టిన గోడను మేస్త్రీ పొడిగిస్తాడు. కంపెనీ పలకను ఎవడు పొడిగిస్తాడు?

ఐతే, "యంత్రం వద్దు" అని మేము అనటం లేదు. అలా అంటే తాటాకు పాకలో పాముకీ వానకీ భయపడుతూ పడుకునే తల్లికి మనం సమాధానం చెప్పలేం. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు తలదాచుకోను గట్టి చోటు ఎంత అవసరమో చూశాం. తుఫాను షెల్టరు, అంగన్‌వాడీ గది, వలసకూలీల వసతి, ఇటువంటివి త్వరగా లేవాలి. అక్కడ ఫ్యాక్టరీ గోడలు వాడితే తప్పులేదు.

మన ఊళ్ళకు పోతపోసిన సామాను కొత్తా? బావి వరలు, మరుగుదొడ్డి వరలు ఊరి కళ్ళంలోనే పోస్తున్నారు గదా! రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఎప్పుడో చిన్న చిన్న పలకలు, దూలాలతో పైకప్పు వేసే పద్ధతి తయారుచేసింది. వాటిని ఎత్తటానికి క్రేను అక్కరలేదు, మనుషులు చాలు. 1980వ దశకంలో కేరళలోని కొల్లాంలో మొదలైన నిర్మితి కేంద్రాలు ఊళ్ళ మేస్త్రీలకే ఖర్చు తగ్గే పద్ధతులు నేర్పాయి. ఈ దారిలో పనీ మిగులుతుంది, ఇల్లూ లేస్తుంది.

కనుక పేటల్లో మీటింగులు పెట్టి ఈ నాలుగూ అడగాలి. మెరక స్థలం, హామీ ఇచ్చినన్ని సెంట్లు. నేటి సిమెంటు, ఇసుక ధరలకు సరిపడే డబ్బు. మండలానికొక పోత కేంద్రం. అందులో మన మేస్త్రీలకు, ఆడకూలీలకు శిక్షణ, పని. ఏ పద్ధతిలో కట్టాలో తేల్చే హక్కు కంపెనీకి గాక ఆ ఇంట్లో ఉండబోయేవారికి.

ఆ కుర్రవాడికీ మేస్త్రీకీ తగాదా లేదు. ఇద్దరినీ ఒకే అర్జీ మీద సంతకం పెట్టించటమే ఇప్పుడు మన పని.