ఎవరు చెబితే ఎవరు వినాలి?

పిల్లకి లెక్కలు రావడం లేదంటే చాలు, "ట్యాబ్ కొనిపెట్టండి" అంటారు అందరూ. ఆ ట్యాబ్ చేసే ఘనకార్యం ఏమిటండీ? ప్రశ్న వేస్తుంది, పిల్ల నొక్కితే భేష్ అంటుంది, తప్పితే కుయ్యిమంటుంది. ఇది పాత ఎక్కాల పంతులే, బెత్తం ఒక్కటే తక్కువ! దీన్ని చదువంటే నేనొప్పుకోను.

సీమోర్ పాపర్ట్ అని ఒక గణిత ఆచార్యుడుండేవాడు. దక్షిణాఫ్రికాలో పుట్టి, జెనీవాలో పియాజే దగ్గర పిల్లల ఆలోచన తీరు గమనించి, అమెరికాలో ఎం.ఐ.టి. చేరాడు. 1967లో సింథియా సోలమన్ అనే ఆవిడా, మరికొందరూ కలిసిరాగా పిల్లల కోసం "లోగో" అనే కంప్యూటర్ భాష తయారుచేశాడు. తర్వాత అందులోకి ఒక తాబేలొచ్చింది. 100 అడుగులు నడు, 90 డిగ్రీలు తిరుగు అని నాలుగుసార్లు చెబితే చతురస్రం గీస్తుంది. త్రిభుజానికని 60 తిరగమంటే మాత్రం దారి తప్పుతుంది. అప్పుడు పిల్ల తనే లేచి నడిచి చూసుకుంటుంది. తిరగాల్సింది 120 అని తనకే తడుతుంది. మొట్టికాయ లేదు, ఏడుపు లేదు. తప్పు దిద్దుకోవడమే అక్కడ పాఠం.

యంత్రం ఆడించినట్టు పిల్ల ఆడటం కాదు, పిల్లే యంత్రాన్ని ఆడించాలని ఆయన 1980లో పుస్తకమే రాశాడు. 2016లో కన్నుమూశాడు. మనమేమో డబ్బిచ్చి మరీ ఆ మాటని తలకిందులు చేస్తున్నాం!

అందుకే, అమ్మలూ, కొనేముందు దుకాణంవాణ్ణి ఒక్కటే అడగండి: "ఇందులో ఎవరు చెబితే ఎవరు వింటారు బాబూ?"