ఎముకల మందును గూర్చి బహదూర్‌పల్లి గృహస్థులకు విజ్ఞప్తి



స్నానపుగదిలో కాలుజారి తుంటియెముక విరిగిన ముసలమ్మను చూచి, "వయసు మీదపడినది, ఏమి చేయగలము" అని నిట్టూర్చువారే గాని, ఆ యెముక పడుటవలననే విరిగినదో, పడకమునుపే గుల్లబారి యుండెనో విచారించువారు మన యూర అరుదు. ఎముక గుల్లబారు ఈ అస్థిక్షయము కలవారి వ్యాధి యనుకొనరాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు అల్పాదాయ కుటుంబములకు చెందిన, 30 మొదలు 60 ఏండ్ల లోపు స్త్రీలను 289 మందిని పరీక్షింపగా, తొడయెముక మెడవద్ద నూటికి ఇంచుమించు 29 మందికి ఈ అస్థిక్షయము కనబడినట్లు 2005లో ప్రకటించిరి.

గండిమైసమ్మ చౌరస్తాకు పోయి "ఎముకల బలానికి" అని క్యాల్షియం బిళ్ళలు కొని తెచ్చుకొని, అదియే చికిత్స యని తృప్తిపడువారికి నా మనవి యిది: క్యాల్షియము, విటమిన్ డి అవసరములే, కాని అవి యిటుకలు, సిమెంటు వంటివి; ఉన్న గోడను లోపలినుండి తొలుచుచున్న క్షయము నాపుటకు అలెండ్రోనేట్ వంటి వేరొక మందు కావలయును. వారమున కొక్కనాడు మ్రింగవలసిన ఆ 70 మిల్లీగ్రాముల మాత్రను మా పొరుగింటి పెద్దమ్మ ప్రతి ఆదివారము వేడి చాయ్‌తో మ్రింగి వెంటనే మంచమెక్కి, గుండెలో మంట యని మందును తిట్టుచుండెడిది. దోషము మందుది కాదు. పరగడుపున, నిండు గ్లాసెడు మంచినీళ్ళతో మ్రింగి, అరగంటసేపు ఏమియు తినక, నడుము వాల్చక కూర్చుండవలయును; చాయ్, పాలు, క్యాల్షియము కలిసినచో మందు వంటబట్టదు, పడుకొన్నచో అన్నవాహిక ఒరసికొనును.

అట్లు కూర్చుండలేనివారికి ఏడాది కొకమారు రక్తనాళమున నెక్కించు జోలెడ్రానిక్ ఆమ్లము కలదు. మొదటిమారు ఒకటిరెండు నాళ్ళు జ్వరము, ఒళ్ళునొప్పులు రావచ్చును. మూత్రపిండములు బలహీనమైనవారికి ఈ రెండును తగకపోవచ్చును గావున ముందుగా రక్తపరీక్ష తప్పదు. కొత్త యెముకను పెంచు టెరిపారటైడ్ సూది నిత్యము పొడుచుకొనవలసినది, ఖరీదైనది, సాధారణముగా 2 ఏండ్లకు మించి వాడరానిది. అది ముగిసిన పిదప వేరొక మందు పట్టనిచో లభించిన బలము కరగిపోవును. అలెండ్రోనేట్, జోలెడ్రానిక్ ఆమ్లము వంటి మందులవలన దవడయెముక చెడునను భయము కొందరిని పట్టినది. అది మిక్కిలి అరుదు, పంటివైద్యము ముందే చేయించుకొన్న చాలును.

అన్నిటికంటె నేను గట్టిగా చెప్పవలసినది డెనోసుమాబ్ అను ఆరునెలల సూదిని గూర్చి. అలెండ్రోనేట్ వంటివి ఎముకలో నిలిచియుండును గావున, 5 ఏండ్లు వాడినపిమ్మట కొందరికి వైద్యుడే విరామమిచ్చును. ఈ సూది యట్లు కాదు. దాని గడువు దాటినచో ఆగిన క్షయము ఒక్కుమ్మడి విజృంభించి, వెన్నుపూసలు ఒకటి వెంబడి నొకటి కుంగవచ్చును. నొప్పి లేదు గదా యని, కొడుకు సెలవు దొరకలేదని, డబ్బు కుదరలేదని దానిని వాయిదా వేయరాదు. మానవలసివచ్చినను, బదులుమందు వైద్యునిచే నిర్ణయింపజేసికొనియే మానవలయును.

కావున నేటి సాయంకాలము మీ యింటి పెద్దల మందులసంచి దింపి, ఎముకల మందు పేరును, చివరి సూది పొడిచిన తేదీని గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుడు. ఆ సూది డెనోసుమాబ్ అయి, ఆ తేదీకి ఆరుమాసములు దాటియున్నచో, రేపే వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు.