‘సుగ్గి’ శబ్దం – అర్థవిచారం

కర్నూలు జిల్లా పశ్చిమభాగాన ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, నందవరం ప్రాంతాలలో చలికాలం రాగానే, వానలు లేని యేడు ఇంకా ముందుగానే, కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీయడానికి, మిరప కోయడానికి గుంటూరు సీమకు బయలుదేరుతాయి. (ఈ నందవరం ఎమ్మిగనూరు దాపునున్న మండల కేంద్రం, బనగానపల్లె దగ్గరి చౌడేశ్వరీ క్షేత్రం వేరు.) ఈ ప్రయాణానికి అక్కడి జనుల నోట నిలిచిన మాట ‘సుగ్గి’. పత్రికలు, ప్రభుత్వ నివేదికలు దీనికి బదులు ‘వలస’ అని వ్రాస్తుంటాయి. ఈ మార్పు సమంజసంగా లేదు.

కన్నడంలో సుగ్గి అనగా కోతకాలం. సంక్రాంతికి ‘సుగ్గి హబ్బ’ అని వ్యవహారం. తుళు పంచాంగంలో సంవత్సరాంతమందలి మాసానికి, రెండవ కారు వరిపంటకు కూడ ఇదే పేరు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడే వరకు బళ్ళారి జిల్లాలోనివే గనుక ఈ శబ్దం తెలుగులోనికి రావడంలో వింత లేదు. ధ్వనిసామ్యం చూచి దీనిని ‘సుభిక్ష’ శబ్దభవంగా సాధింపబూనడం వృథాశ్రమ. క్షకారం ప్రాకృతంలో సాధారణంగా ‘క్ఖ’ అవుతుంది గాని ‘గ్గ’ కాదు.

పంటల పండుగ పేరు కూలివారి ప్రయాణానికి పేరు కావడం అర్థాపకర్షకు ఉదాహరణమని తోచవచ్చు. వాక్యరచనను గమనిస్తే ఆ ఊహ నిలువదు. ‘వలస పోయినారు’ అన్నప్పుడు వలస శబ్దానికి విభక్తి ప్రత్యయం లేదు, పోవడమే వలస. ‘సుగ్గికి పోయినారు’ అన్నప్పుడు ‘కి’ ప్రత్యయం తప్పనిసరి. కోతకు పోవడం, కలుపుకు పోవడం వంటిదే ఇదీ. అనగా సుగ్గి గమ్యం గాని గమనం కాదు. కోత అనే మూలార్థం ఆ ఒక్క ప్రత్యయంలో భద్రంగా ఉన్నది. మారినది అర్థం కాదు, పంట యజమాని. కన్నడిగులు కరవున ఊరు విడిచిపోవడాన్ని ‘గుళె’ అంటారు. వారి ‘గుళె హోదరు’ కూడ మన ‘వలస పోయినారు’ వలె విభక్తి లేని ప్రయోగమే. ఆ మాట పక్కనే వినబడుతున్నా ఆదోని సీమ తెలుగువారు తమ ప్రయాణానికి సుగ్గినే ఎన్నుకొన్నారు.

ఉత్తర అమెరికాలో శీతకాలం వెచ్చని దక్షిణానికి తరలే సంపన్న వృద్ధులను ‘స్నోబర్డ్స్’ అంటారు. 1920లలో ఆ మాట దక్షిణానికి పనులకై వచ్చే ఉత్తరాది కూలీలకు చెల్లింది. అక్కడ శ్రామికుల మాట విశ్రాంతిపరులకు సంక్రమించింది. ఇక్కడ రైతు పండుగ మాట కూలివానికి మిగిలింది.

ఈ భేదం నిఘంటువుకే పరిమితం కాదు. వలస అన్న మాట ఊరితో తెగతెంపులను కూడ స్ఫురింపజేస్తుంది. సుగ్గికి పోయినవాడు ఉగాదికో, కోత ముగిసినాకనో తిరిగివస్తాడు. ఇల్లు, చేను, పిల్లవాని బడి ఇక్కడే ఉంటాయి. తలిదండ్రులతో పొలాలలో తిరిగే ఆ పిల్లవాని పేరు బడి పట్టీలో నిలవాలా, కొట్టివేయాలా అన్న ప్రశ్నకు సుగ్గి శబ్దమే సమాధానం చెబుతున్నది. అట్లని మాటలోని సంబరాన్ని చూచి ఆ బతుకులలోని కష్టాన్ని మరువరాదు. చేనులో వేసిన గుడిసెలో పండుగ లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం చూపిన పద్ధతిలోనే ఈ ప్రయాణపు పలుకుబడిని సేకరింపవలసి ఉన్నది. కూలి లెక్క, మేస్త్రీ ఇచ్చే బయానా, గుడిసె, దారి, తిరుగు ప్రయాణం – వీటికి ఆదోని సీమవారు వాడే మాటలను వారి నోటనే విని వ్రాసుకోవాలి. ప్రాచ్యకళాశాలల పరిశోధక విద్యార్థులకు ఇది తగిన పని. అందులో సుగ్గి ఆరోపాన్ని ‘వలస, చూ.’ అని ముగింపక, ‘కి’ ప్రత్యయ ప్రయోగంతో సహా చూపవలె.